కేర్ వర్కర్ల జీతాల పోరాటంలో మాకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

బ్రిటన్‌లో కేర్ పనిలో (పెద్దవాళ్లను, సాయం అవసరమైనవాళ్లను చూసుకునే పనిలో) ఉన్న తెలుగువాళ్ల తరఫున ఈ నాలుగు మాటలు. కోత పడిన జీతాల విషయంలో, వీసా పేరు చెప్పి బెదిరించిన విషయంలో మా పక్కన నిలబడిన యూనియన్ బ్రాంచి రెప్‌లకు (సభ్యుల తరఫున మాట్లాడే ప్రతినిధులకు), లా సెంటర్ (ఉచిత న్యాయసహాయ కేంద్రం) న్యాయవాదికి, మా వార్డు కౌన్సిలర్‌కు, డ్యూటీలు ముగించుకొని వచ్చి మా ఉత్తరాలు ఇంగ్లీషులో రాసిపెట్టిన అక్కలకు, అన్నలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం. పేర్లు వేయొద్దని వాళ్లే కోరారు. అందుకే వాళ్లెవరో చెప్పకుండా, చేసిన పని ఏమిటో విడమరిచి రాస్తున్నాం. అవే చిక్కుల్లో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లకు ఈ వివరాలే కావాలి.

మొదటి నమస్కారం కాగితాలు సర్దడం నేర్పిన రెప్‌కు. ఈ దేశంలో జీతం గొడవ గెలవడమైనా ఓడటమైనా కాగితం మీదే. ఆమె అడిగినవి నాలుగు: సీఓఎస్ (వీసా కోసం యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్) పూర్తి కాపీ, ఉద్యోగ ఒప్పందం, పేస్లిప్పులు, రోటా (డ్యూటీల పట్టిక). చాలామంది దగ్గర సీఓఎస్ నంబరు మాత్రమే ఉంటుంది. అది చాలదు. వారానికి ఎన్ని గంటలు పని ఇస్తామని, ఏడాదికి ఎంత జీతమని యజమాని హోం ఆఫీసుకు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకు) చెప్పాడో ఆ కాపీలోనే ఉంటుంది. వారానికి 39 గంటలని అక్కడ రాసి, 20 గంటల పనే ఇస్తుంటే ఆ తేడాను చూపించే కాగితం అదే. అడిగినా ఇవ్వకపోతే, డేటా రక్షణ చట్టం కింద నా గురించి మీ దగ్గరున్న వివరాలన్నీ ఇవ్వండని ఈమెయిల్ పెట్టాలి. దానికి ఫీజు లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. పేస్లిప్ ఇవ్వడం కూడా యజమాని దయ కాదు. గంటలను బట్టి జీతం మారే ఉద్యోగమైతే ఎన్ని గంటలకు ఇచ్చారో 2019 ఏప్రిల్ నుంచి దాని మీద రాసి తీరాలి.

రోటా విషయంలో చాలామంది దెబ్బతింటున్నారు. రోటా యాప్‌లో ఉంటుంది, ఉద్యోగం పోయిన రోజే యాప్ లాగిన్ కూడా పోతుంది. కాబట్టి ప్రతి ఆదివారం ఆ వారం రోటాను స్క్రీన్‌షాట్ తీసి సొంత ఈమెయిల్‌కు పంపుకోవాలి. అయితే మనం చూసుకునే పెద్దవాళ్ల పేర్లు, చిరునామాలు, మందుల వివరాలు అందులో కనపడకూడదు. గోప్యత ఉల్లంఘించారని యజమాని ఎదురు కేసు పెట్టడానికి అదొక సాకవుతుంది. అన్నిటికంటే మంచిది చిన్న నోట్‌బుక్: తేదీ, ఎన్ని గంటలకు ఇంట్లోకి వెళ్లాం, ఎన్ని గంటలకు బయటికొచ్చాం, తర్వాతి ఇంటికి ఎన్ని నిమిషాలు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున గుర్తుచేసుకొని రాసిన లెక్కను ఎదుటి లాయరు రెండు ప్రశ్నల్లో పడగొట్టేస్తాడు.

ఇళ్లకు వెళ్లి చేసే కేర్ పనిలో దోపిడీ అంతా ప్రయాణ సమయంలో ఉంది. దాన్ని లెక్క కట్టడం బ్రాంచి ట్రెజరర్ నేర్పారు, ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఒక పూట తీసుకోండి. తొమ్మిది ఇళ్లు, ఒక్కోచోట అరగంట: నాలుగున్నర గంటలు. గంటకు 13 పౌండ్లు ఇస్తున్నామని యజమాని గొప్పగా చెబుతాడు, పేస్లిప్‌లో 58.50 పౌండ్లు పడతాయి. కానీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎనిమిది ప్రయాణాలు, ఒక్కోటి పావుగంట, మొత్తం రెండు గంటలు. కనీస వేతన చట్టం ప్రకారం అదీ పని సమయమే. అంటే పని ఆరున్నర గంటలు, గంటకు దక్కింది 9 పౌండ్లు. 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71. కొత్త రేటు ప్రకారం ఆ పూటకు 82.62 పౌండ్లు రావాలి. ఒక్క పూటలో 24 పౌండ్లకు పైగా కోత!

ఇందులో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మన ఇంటి నుంచి మొదటి ఇంటికి, చివరి ఇంటి నుంచి మన ఇంటికి చేసే ప్రయాణం ఈ లెక్కలోకి రాదు. మధ్యలో రెండు గంటల ఖాళీ వచ్చి ఇంటికెళ్లి పడుకుంటే అదీ రాదు. కనీస వేతనాన్ని ఒక రోజుకు కాదు, జీతం ఇచ్చే వ్యవధి మొత్తానికి సగటున చూస్తారు, అందుకే నెల అంతా కూడాలి. పని కోసం సొంత డబ్బుతో కొన్న పెట్రోలు, యూనిఫాం ఖర్చు తిరిగి ఇవ్వకపోతే దాన్ని జీతంలోంచి తీసేసి చూడాలి. యజమాని దగ్గరున్న జీతాల రికార్డులు చూపించమని రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా ఉంది, 14 రోజుల్లో చూపించాలి.

లెక్క తేలాక యజమానికి రాసే గ్రీవెన్స్ (ఫిర్యాదు) ఉత్తరం. మా ఉత్తరాలు మొదట మూడేసి పేజీలుండేవి, నిండా బాధ. రెప్ వాటిని ఒక్క పేజీకి కుదించారు: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని గంటలు, ఎంత బకాయి, ఏ రోజులోపు ఇవ్వాలి. ఆ తర్వాత జరిగే మీటింగుకు తోడుగా ఒకరిని తీసుకెళ్లే హక్కు 1999 చట్టంలో ఉంది. కంపెనీ యూనియన్‌ను గుర్తించకపోయినా ఈ హక్కు పోదు. తోడు వచ్చినవారు మన వాదన వినిపించవచ్చు, మనతో పక్కకెళ్లి మాట్లాడవచ్చు, చివర్లో ముగింపు మాట చెప్పవచ్చు; మన బదులు ప్రశ్నలకు జవాబు మాత్రం చెప్పకూడదు. ఆ రోజు వాళ్లకు కుదరకపోతే మీటింగును ఐదు పనిదినాల దాకా జరపమని అడగవచ్చు. ఒంటరిగా కూర్చున్నప్పుడు "సరే" అని సంతకం పెట్టేసే మనిషి, పక్కన ఇంకొకరు నోట్స్ రాసుకుంటుంటే "చదివి చెబుతాను" అనగలుగుతాడు. జీతాల గొడవలో దీన్ని మించిన సాయం లేదు.

గడువుల విషయంలో లా సెంటర్ న్యాయవాదికి రుణపడి ఉన్నాం. జీతం కోత పడిన తేదీ నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ, ట్రిబ్యునల్‌కు (ఉద్యోగ వివాదాలు తేల్చే కోర్టుకు) వెళ్లడానికి అదీ గడువు. ఆలోపు ఏకాస్‌కు (ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థకు) రాజీ ప్రయత్నం కోసం అర్జీ పెట్టాలి, అది నడుస్తున్నంతకాలం గడియారం ఆగుతుంది. ఈ గడువును ఆరు నెలలు చేసే చట్టం 2025 డిసెంబరులో ఆమోదం పొందింది. కానీ మీ కేసుకు అది వర్తిస్తుందో లేదో లాయరు చెప్పేదాకా పాత గడువునే నమ్ముకోండి. కంపెనీ లోపల గ్రీవెన్స్ నడుస్తోంది కదా, తేలాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది, గ్రీవెన్స్ దాన్ని ఆపదు. అర్జీలో కంపెనీ పేరు బోర్డు మీద ఉన్నట్టు కాకుండా పేస్లిప్ మీద ఉన్నట్టు, రిజిస్టరైన పేరుతో రాయాలి. పేరు తప్పుపడితే కేసు మొదట్లోనే తిరిగి రావచ్చు. ట్రిబ్యునల్‌లో మామూలుగా రెండేళ్ల వెనకటి బకాయిల దాకానే అడగగలం. కనీస వేతనం ఎగ్గొట్టారని ప్రభుత్వ తనిఖీ విభాగానికి ఫిర్యాదు చేస్తే ఆరేళ్ల దాకా వెనక్కి వెళ్లవచ్చు, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ట్రిబ్యునల్‌కు ఫీజు లేదు. 2013లో ప్రభుత్వం ఫీజులు పెట్టింది, కొన్ని రకాల కేసులకు మొత్తం 1,200 పౌండ్ల దాకా అయ్యేవి. యూనిసన్ యూనియన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017 జూలైలో వాటిని కొట్టేయించింది. మన సభ్యత్వ చందా ఎటు పోతుందని అడిగేవాళ్లకు మేము చెప్పే జవాబు అదే.

ఇక వీసా భయం. యూనియన్‌లో చేరితే స్పాన్సర్‌షిప్ తీసేస్తామని ఎవరైనా అంటే ఆ మాట, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. యూనియన్ సభ్యత్వానికి వీసాతో సంబంధం లేదు, హోం ఆఫీసు అనుమతి అవసరం లేదు. చట్టబద్ధంగా జరిగిన సమ్మెలో జీతం లేకుండా గడిపిన రోజులను, ఏడాదిలో నాలుగు వారాలకు మించి జీతం లేకుండా గైర్హాజరైతే స్పాన్సర్‌షిప్ ఆపాలనే నిబంధన నుంచి మినహాయించారు. సభ్యత్వం కారణంగా ఉద్యోగం తీసేస్తే అది మొదటి రోజు నుంచే అన్యాయమైన తొలగింపు. కేసు తేలేదాకా జీతం ఆగకుండా చూసే తాత్కాలిక ఉపశమనం కోసం మాత్రం ఉద్యోగం పోయిన ఏడు రోజుల్లోనే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, ఎనిమిదో రోజు ఆలస్యమైపోయినట్టే.

యజమానికి ఉన్న స్పాన్సర్ లైసెన్సు (విదేశీ వర్కర్లను పెట్టుకునే అనుమతి) రద్దయితే, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులు ఇస్తారు. ఆ లెక్క హోం ఆఫీసు ఉత్తరంతో మొదలవుతుంది, మేనేజర్ ఫోన్ చేసిన రోజుతో కాదు. వీసాలో అంతకంటే తక్కువ కాలం మిగిలుంటే ఆ తక్కువే. కొత్త స్పాన్సర్ దొరికినా కొత్త వీసా వచ్చేదాకా అక్కడ పూర్తిస్థాయి పనిలో దిగకూడదు. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడం ఆగిపోయింది, కాబట్టి ఇక్కడున్నవాళ్ల కోసమే యజమానులు వెతకాల్సిన పరిస్థితి. కంగారుపడి ఏజెంటుకు మళ్లీ డబ్బు కట్టకండి. సీఓఎస్ ఫీజు (2025 ఏప్రిల్‌లో 525 పౌండ్లు అయింది), స్పాన్సర్ లైసెన్సు ఫీజు వర్కర్ల దగ్గర వసూలు చేయకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నిబంధన ఉంది. స్కిల్స్ చార్జీని (విదేశీ వర్కరును పెట్టుకున్నందుకు యజమాని ప్రభుత్వానికి కట్టేదాన్ని) అయితే ఎప్పుడూ మన మీద వేయకూడదు. మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలనే షరతు వేరే సంగతి, అది కొన్నిసార్లు నిలుస్తుంది. దాన్ని లాయరుకు చూపించండి. వీసా సలహా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, లేకుండా ఇవ్వడం నేరం. మా రెప్ వీసా ప్రశ్న వచ్చిన ప్రతిసారీ "అది నేను చెప్పకూడదు" అని న్యాయవాది దగ్గరికి పంపారు. ఆ నిజాయితీ వల్లే మా వీసాలు నిలిచాయి.

ఒక్క మాట కఠినంగా చెప్పాలి. చాలా యూనియన్లు చేరకముందే మొదలైన గొడవకు లాయరును పెట్టవు. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు కాకుండా, అంతా బాగున్నప్పుడే చేరండి.

ఈ తలుపులు వాటంతటవే తెరుచుకోలేదు. 1974లో లెస్టర్‌లోని ఇంపీరియల్ టైప్‌రైటర్స్‌లో ఆసియా కార్మికులు సమ్మె చేస్తే స్థానిక యూనియన్ అధికారులే వాళ్ల పక్కన నిలవలేదు. 1976లో లండన్‌లోని గ్రన్విక్ ఫిల్మ్ ప్రాసెసింగ్ కేంద్రం నుంచి జయాబెన్ దేశాయ్, ఆమె తోటి మహిళలు బయటికి నడిచినప్పుడు వేలమంది తెల్లజాతి కార్మికులు వాళ్లకు మద్దతుగా పికెట్ లైనుకు (సమ్మె చేసేవాళ్లు గేటు ముందు నిలబడే చోటికి) వచ్చారు. ఆ సమ్మె 1978లో ఓటమితోనే ముగిసింది. అయినా వలస స్త్రీలను యూనియన్లు చూసే చూపు అక్కడ మారింది. ఈ రోజు మాకు దొరికిన సాయంలో వాళ్ల వాటా ఉంది, ఆ తరం అమ్మలకు కూడా ఈ కృతజ్ఞతలు.

కౌన్సిలర్‌కు ధన్యవాదాలు ఎందుకంటే, కేర్ గంటలకు డబ్బిచ్చేది చాలావరకు కౌన్సిలే. కంపెనీతో కౌన్సిల్ చేసుకున్న కాంట్రాక్టులో ప్రయాణ సమయానికి జీతం ఇస్తున్నారా అని ఆయన సమావేశంలో లిఖితపూర్వకంగా అడిగారు. యూనిసన్ 2012లో తెచ్చిన ఎథికల్ కేర్ చార్టర్‌లో ఈ కోరిక ఉంది, కొన్ని కౌన్సిళ్లు దాన్ని ఆమోదించాయి. కౌన్సిలర్లను కలిసే సర్జరీకి వెళ్లేటప్పుడు ఒక పేజీ కాగితం, ఒక్క కోరికతో వెళ్లండి. పది కోరికలు చెబితే ఏదీ ముందుకు కదలదు.

ఓటు సంగతి కూడా ఆయనే చెప్పారు. భారత పౌరులం కామన్వెల్త్ పౌరులం కాబట్టి, చెల్లే వీసాతో ఇక్కడ ఉంటున్నవాళ్లం కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకు కూడా ఓటు వేయవచ్చు. పోలింగుకు 12 పనిదినాల ముందే నమోదు కావాలి. ఇంగ్లండ్ పోలింగ్ కేంద్రాల్లో 2023 నుంచి ఫొటో గుర్తింపు చూపాలి, మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. శాశ్వత నివాసం వచ్చాక కౌన్సిల్‌కు పోటీ కూడా చేయవచ్చు. ఇంగ్లండ్‌లో అలాంటి నామినేషన్‌కు ఇద్దరి సంతకాలు చాలు, డిపాజిట్ లేదు. తర్వాత భారత రక్షణ మంత్రి అయిన కృష్ణ మీనన్ 1934 నుంచి 1947 దాకా లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ కౌన్సిలర్‌గా ఉన్నారు, మనకు ఇది కొత్త దారి కాదు.

బ్రాంచివాళ్లు మా దగ్గర కానుక తీసుకోలేదు. మీలోంచి రెప్‌లు కావాలి, అదొక్కటే అడిగారు. మా అక్కలిద్దరు రెప్ శిక్షణకు పేర్లిచ్చారు. శిక్షణ పూర్తయి యూనియన్ రాతపూర్వకంగా ధ్రువీకరించాక, గ్రీవెన్స్ మీటింగులకు వాళ్లు తోడు రాగలరు. అప్పటిదాకా రోటా, పేస్లిప్ లెక్కలు అర్థం కానివాళ్లు తెలుగులోనే అడగండి, కూర్చొని కూడి చూపిస్తాం.