కృష్ణా మడ అడవుల్లో క్షీరదాల సర్వే: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం శ్రమలో ఎక్కువ భాగం కృష్ణా అభయారణ్యం సర్వేకే పోయింది. మిగతా సంగతులు ముందే చెప్పేస్తాను. బడిపిల్లలతో పక్షుల నడకలు ఎప్పటిలాగే జరిగాయి. కొండపల్లి అడవి ట్రిప్ రద్దయింది. జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా పంచుతారు.

సర్వే సెప్టెంబరులో మొదలుపెట్టాలనుకున్నాం. సరిగ్గా అప్పుడే బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ సభ్యుల ఇళ్లు నీళ్లలో ఉంటే అడవి మాట ఎవరెత్తుతారు? ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వెళ్లింది. దాంతో పని చలికాలానికి వాయిదా పడింది. అభయారణ్యం లోపల అధ్యయనం చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. ఆ కాగితం చేతికొచ్చాకే నాగాయలంకలో పడవ ఎక్కాం. ఆలస్యమైందని విసుక్కున్నవాళ్లకు ఇదే నా జవాబు.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 194 చదరపు కిలోమీటర్లు. అక్కడ రోజుని నడిపేది గడియారం కాదు, సముద్రపు పోటూ పాటూ. పాటు తీసినప్పుడు బయటపడే ఒండ్రు గట్టే మా హాజరుపట్టీ. నాలుగు వేళ్ల గుండ్రటి అడుగు, ముందర సన్నగా గోళ్ల గుర్తు కనిపిస్తే చేపలు పట్టే పిల్లి అయ్యే అవకాశం ఎక్కువ. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. నక్క అడుగు కోలగా ఉంటుంది. నీటికుక్కకి అయిదు వేళ్లు, మధ్యలో చర్మం. పైగా అది తన ఉనికిని దాచుకోదు: గుంపంతా ఒకేచోట విసర్జిస్తుంది. పుల్లతో కదిపితే చేప పొలుసులు, పీత డిప్పల ముక్కలు. ఆ కంపు చేతి రుమాలుకు పట్టి, ఇంటిదాకా వచ్చింది.

జంతువుల కోసం అడవిలో పెట్టిన కెమెరాల సంగతి. జంతువు ఒంటి వేడికీ చుట్టుపక్కల వేడికీ తేడాని పసిగట్టి ఫొటో తీసే రకం అవి. నీళ్లలోంచి అప్పుడే లేచిన నీటికుక్క బొచ్చు తడిసి చల్లగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు కెమెరాకు చిక్కదు. అడుగులున్న చోటే ఫొటోలు ఖాళీగా రావడానికి ఇదొక కారణం. ఫొటో లేదంటే జంతువు లేదని కాదు. ఊరకుక్కలు మాత్రం మెమరీ కార్డుల నిండా ఉన్నాయి. ఇది నవ్వుకునే విషయం కాదు, వాటి నుంచి అడవి జంతువులకు రోగాలు అంటుకుంటాయి. ఉప్పుగాలికి ఒక కెమెరా పాడైంది.

చేపలు పట్టే పిల్లి, నీటికుక్క, నక్క, ముంగిస ఉన్నాయని ఆధారాలతో చెప్పగలం. ఆ పిల్లి, మనం చూసే నున్నటి బొచ్చు నీటికుక్క రెండూ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) జాతులే. ఎన్ని ఉన్నాయని ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నారు. పిల్లి ఒంటి మీద మచ్చల అమరిక ఒకదానికున్నట్టు మరోదానికి ఉండదు కాబట్టి లెక్క తేల్చొచ్చు. కానీ రెండు పక్కల ఫొటోలూ కావాలి, అంటే దారికి అటొకటి ఇటొకటి కెమెరా పెట్టాలి. అంత సరంజామా మన దగ్గర లేదు. అంచనా అంకెలు రాసి చప్పట్లు కొట్టించుకోవడం నాకిష్టం లేదు.

నన్నడిగితే, ఈ ఏడాది మనకు ఎక్కువ నేర్పింది చేపల చెరువుల కాపలాదారులు. అడవి హద్దు దాటగానే చెరువులే కదా! పిల్లికి ఆ హద్దు తెలియదు. "మా చేపలు తిని పోతోందండీ, నష్టం ఎవరిస్తారు?" అని ఒక పెద్దాయన నిలదీశారు. ఆ పిల్లి గట్లను తొలిచే ఎలుకలనూ తింటుందని చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు, కానీ గట్టు మీద కెమెరా పెట్టుకోనిచ్చారు. వలలకు, ఉచ్చులకు ఈ జంతువులు బలయ్యే ప్రమాదం అక్కడే ఎక్కువ. వన్యప్రాణి చట్టం 1వ షెడ్యూలులో ఉన్న ఈ పిల్లిని చంపితే జైలు శిక్ష అన్న సంగతి చాలామందికి తెలియదు. తెలుగు కరపత్రం సిద్ధం చేశాం, అచ్చు వేయించాలి.

వచ్చే ఏడాది నిధులపై రెండు ప్రతిపాదనలు: లెక్క కోసం జంట కెమెరాలు, లేదా చెరువుల గట్ల మీద సర్వేతో పాటు కాపలాదారులకు శిక్షణ. కార్యవర్గం రెండోదాని వైపే ఉంది. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చండి. పడవ ప్రయాణానికి పేర్లు ఇచ్చేవారు ఈత వచ్చో రాదో తప్పకుండా రాయాలి.

ఇట్లు,
కార్యదర్శి, విజయవాడ