వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారములు.

మన సంఘం ఆశయాలు సభ్యులకు తెలిసినవే కనుక వాటిని తిరిగి రాయడం లేదు. ఈ ఏడాది మనం చేసిన పనంతా ఒక్క వరద చుట్టూనే తిరిగింది. 2024 ఆగస్టు 31 నాటి కుండపోతకు బుడమేరు వాగు ఎడమ గట్టు మూడు చోట్ల తెగి మన విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం నీట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అంత కృష్ణమ్మనూ కృష్ణలంక వైపు రక్షణ గోడ ఆపగలిగింది కానీ, బుడమేరు వైపు మనకున్నది మట్టి గట్టే. సైన్యం వచ్చి చేయి వేసినా గండ్లు పూడేసరికి సెప్టెంబరు 7 అయింది. 2005లోనూ ఇదే ఏరు మనల్ని ముంచిందని పెద్దలు ఆ వారమంతా గుర్తు చేస్తూనే ఉన్నారు.

వాతావరణం మారుతోందని, వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోసి ఒక్కసారిగా కుమ్మరిస్తుందని మనం సమావేశాల్లో చెప్పుకున్నాం. ఆ భారం అందరి మీదా ఒకేలా పడదన్న సంగతి మాత్రం మన వీధిలో నడిస్తేనే తెలిసింది. ఒకే ఇంట్లో మేడ మీది వారికి కరెంటు, మంచినీళ్లు లేని వారం గడిచింది; కింది పోర్షన్‌లో అద్దెకున్న వారికి బియ్యం, పరుపులు, ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. కుట్టుపనితో ఇల్లు నడిపే ఒక సభ్యురాలి మిషన్‌ను బురదలోంచి తీసి కిరోసిన్‌తో మూడుసార్లు కడిగినా చక్రం తిరగలేదు. ప్రభుత్వం కింది అంతస్తు వారికి 25 వేలు, పై అంతస్తు వారికి 10 వేలు ప్రకటించి ఈ తేడాను కొంత గుర్తించింది. కానీ ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉన్న అద్దెదారులను జాబితాలోకి ఎక్కించడానికి మేము తిరిగిన తిరుగుడు ఇక్కడ రాస్తే ఈ నివేదిక సరిపోదు.

అందుకే ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇంటింటి నమోదు పుస్తకం. గోడ మీద నీరు నిలిచిన గీతను టేపుతో కొలిచి, ఆ పక్కనే ఆ ఇంట్లో ఎవరు సొంతదారు, ఎవరు అద్దెదారు, ఎవరిది రేకుల కప్పు, ఎవరు రోజు కూలీ అన్నది రాసుకున్నాం. మే నెల ఎండలకు కూడా అదే పుస్తకం పనికొస్తుంది. నీట మునిగిన ఇళ్లలో రేకుల కింద ఉడికిపోయేవే ఎక్కువ. ఆ పుస్తకాన్ని అందరి ముందూ ఉంచిన రోజు హాలు నిండింది. ఆహ్వానించిన అధికారుల కోసం వేసిన మొదటి వరుస కుర్చీలు మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల తలసరి ఉద్గారాల్లో మన దేశం ప్రపంచ సగటులో సగం కూడా లేదని, 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పు వల్ల నష్టపోయే పేద దేశాలను ఆదుకునే నిధికి దేశాలన్నీ ఒప్పుకున్నాయని నేను ఆ సభలో వివరిస్తుంటే, వెనక నుంచి ఒక ఆటో సోదరుడు “ఆ డబ్బు మా సందు దాకా వస్తుందాండీ?” అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను.

మేడ మీద చోటిచ్చిన ఇంటివారికి, నడుము లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోసిన కుర్రాళ్లకు, అరువుకు మందులిచ్చిన దుకాణదారులకు, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు, పుస్తకానికి గీతలు గీసిచ్చిన మాస్టారికి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి చదువుతారు. చందా బాకీలున్న వారు దయచేసి చెల్లించగలరు.

కొలతల పనికి పేర్లిచ్చిన వారిలో సగానికి పైగా రెండో ఆదివారం నుంచి కనిపించలేదని రాయక తప్పడం లేదు. వర్షాకాలం రాకముందే బుడమేరు గట్టు వెంట నడిచి, బలహీనంగా ఉన్న చోట్లను ఫొటోలు తీసి అర్జీతో జత చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. ఈసారి పేర్లు రాసుకోవడం లేదు. ఉదయం ఆరింటికి గట్టు దగ్గరకు వచ్చినవారే సభ్యులుగా లెక్క.

ఇట్లు,
కార్యదర్శి