తెల్ల పక్షికి మైనస్ పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో పాఠకులు పంపిన నేలపట్టు పక్షి కేంద్రం గూడబాతు (పెలికాన్) ఫొటో చూశాను. తీసిన అబ్బాయి ఎవరో గాని, పక్షి నీళ్ల మీద వాలే క్షణాన్ని సరిగ్గా పట్టాడు. కానీ దాని ఒంటి మీద ఒక్క ఈక కనబడలేదు. మెడ వెనక బూడిద రంగు లేదు, ముక్కు మీది మచ్చలు లేవు. ఇది అచ్చులో పోయింది కాదు, తీసినప్పుడే పోయింది.

తిరుపతిలో 31 ఏళ్లు స్టూడియో నడిపాను. మధుపర్కాలు కట్టుకున్న పెళ్లికూతుర్ని చీకటి మండపంలో తీసినవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు ఏది తెలుపో ఏది నలుపో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిద రంగుకు తెస్తుంది. చెట్ల నీడ పడిన నీళ్లే ఫ్రేములో ముప్పాతిక భాగం ఉంటే ఆ చీకటిని వెలిగిస్తుంది, మధ్యలో నిలబడ్డ తెల్లకొంగ వెలుగు ఎక్కువై కాలిపోతుంది. అప్పుడే మైనస్ పెట్టాలి, అంటే మీటరు చెప్పినదానికన్నా వెలుగు తగ్గించాలి. ప్లస్ అంటే పెంచడం. రీలు రోజుల్లో నెగటివ్ మీద ఒక స్టాప్ వెలుగు ఎక్కువ పడినా, అంటే రెట్టింపు పడినా, ప్రింటులో సర్దుకునేవాళ్లం. డిజిటల్‌లో తెలుపు పూర్తిగా ఎగిరిపోతే తిరిగి రాదు.

ఈ జనవరిలో మనవరాలిని తీసుకొని నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళ్లాను. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం పక్కనున్న పక్షుల మీద వెలుగు నిండుగా పడుతుంది. దక్షిణం పక్క నీళ్లన్నీ తళతళే. అక్కడ మీటరు ఆ తళుకుకు భయపడి అంతా చీకటి చేస్తుంది, ఫ్లెమింగో నల్లటి నీడలా వస్తుంది. ఆ నీడే కావాలనుకుంటే అలాగే తీయొచ్చు, అందంగానే ఉంటుంది. ఈకలు కావాలంటే ప్లస్ ఒకటిన్నర స్టాపుల దాకా పెంచి, నీళ్లు తెల్లబడినా పోనీ అనుకోవాలి.

మనవరాలు మొదటి గంటలో 200 దాకా తీసింది. "స్క్రీన్‌లో బాగానే ఉన్నాయి కదా తాతా" అంది. ఎండలో స్క్రీన్‌ను నమ్మకూడదు. వెలుగు ఎక్కువైన చోట మినుకుమినుకుమనే హెచ్చరిక పెట్టించాను. కొంగలన్నీ మినుకుమన్నాయి! ఫ్లెమింగోల్లో అయితే ముందు పోయేది ఎరుపే, ఆ లేత గులాబీ తెలుపులో కలిసిపోయింది. ఆ తర్వాత ఉత్తరం పక్క పక్షులకు మాన్యువల్‌లో, అంటే కెమెరా తనంతట తాను మార్చకుండా, ఐఎస్‌ఓ (వెలుగు పట్టే గుణం) 400, ఎఫ్ (లెన్సు రంధ్రం) 8, షట్టరు సెకనులో 2000వ వంతు పెట్టించాను. ఎండ మారనంతసేపు దాన్ని ముట్టుకోవద్దన్నాను. ఎగిరే పక్షి ఒక క్షణం ఆకాశం ముందు, మరుక్షణం నీళ్ల ముందు ఉంటుంది. దాని మీద పడే ఎండ మాత్రం ఒకటే కదా.

నీటికాకికి ఇదంతా తలకిందులు, నల్ల పక్షికి కొంచెం ప్లస్ కావాలి. సెల్‌ఫోన్‌లో తీసేవాళ్లు తెల్ల పక్షి మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చాలు.

ఇంకొకటి చూసి మనసు కష్టపడింది. ఫొటో సరిగా రాలేదని కొందరు రోడ్డు దిగి బురదలోకి నడుస్తున్నారు, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపుతున్నారు. దగ్గరికి పోతే పక్షి పెద్దదవుతుంది గాని కాలిపోయిన తెలుపు బాగుపడదు. తిండి తినే పక్షిని ఎందుకు లేపాలి?

నా విన్నపం ఒకటే. వచ్చే సీజన్లో పాఠకుల ఫొటోలు అడిగేటప్పుడు ఆ ప్రకటన కిందే "తెల్ల పక్షి, నల్ల నీళ్లు అయితే మైనస్ ఒకటి పెట్టి చూడండి, రోడ్డు దిగకండి" అని వేయండి. మనవరాలు మధ్యాహ్నం తిరుగుదారిలో నేలపట్టులో తీసిన గూడబాతు ఫొటో ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మైనస్ ఒకటిలో తీసింది. రెక్క మీద ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

- ఒక పాత స్టూడియో ఫొటోగ్రాఫర్, కొర్లగుంట, తిరుపతి