నష్టమొచ్చినా అది వ్యాపారమే, ఆ సంగతి ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

జూలై వచ్చిందంటే మా ఆఫీసుకి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) పట్టుకుని వస్తారు. పనంతా అయ్యాక, లేచి వెళ్లబోతూ "ఆప్షన్స్‌లో కొంచెం పోయిందండీ, లాభమేం రాలేదు కదా, చూపించక్కర్లేదుగా?" అంటారు. స్టేట్‌మెంట్ తీయిస్తే ఆ కొంచెం లక్షన్నర ఉంటుంది. జీతంతో పాటు తామొక వ్యాపారం కూడా చేస్తున్నామని, ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ల రిటర్న్ ఫారం) వేయాలని అప్పటిదాకా వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.

గుర్తింపు ఉన్న షేర్ ఎక్స్ఛేంజీలో చేసే ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ఒప్పందాల కొనుగోలు, అమ్మకం) మామూలు వ్యాపారం కిందికి వస్తుంది, షేర్లని డెలివరీ తీసుకోకుండా, అంటే మన ఖాతాలోకి రాకుండానే, ఆ రోజే కొని ఆ రోజే అమ్మేస్తే (ఇంట్రాడే) స్పెక్యులేషన్ వ్యాపారం. ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు గానీ ఆ ఏడాది అద్దెలోంచో వడ్డీలోంచో తగ్గించుకోవచ్చు, ఇంకా మిగిలితే ఎనిమిదేళ్ల దాకా వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. ఇంట్రాడే నష్టానికైతే నాలుగేళ్లే, అదీ స్పెక్యులేషన్ లాభంలోనే. ఇదంతా గడువులోగా రిటర్న్ వేసినవాళ్లకే. డబ్బు ఎలాగూ పోయింది, ఈ హక్కు కూడా చేజేతులా వదులుకుంటున్నారే అని నా బాధ.

అసలు చిక్కు డెలివరీ తీసుకున్న షేర్లతో, అవి పెట్టుబడా వ్యాపారమా అని. ఏడాదికి పైగా ఉంచుకున్న లిస్టెడ్ షేర్లని పెట్టుబడిగా చూపిస్తే అధికారులు కాదనకూడదని, మనం కూడా ఒకసారి చెప్పిన మాట తర్వాతి ఏళ్లలో మార్చకూడదని సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) 2016 ఫిబ్రవరిలో సర్క్యులర్ ఇచ్చింది. మరి మూణ్ణెల్లో ఆర్నెల్లో ఉంచి అమ్మినవాటి సంగతి? ఎన్నిసార్లు కొన్నారు, అప్పు తెచ్చి కొన్నారా, లెక్కల్లో ఎలా రాసుకున్నారు అని ఒక్కోటీ చూసి తేల్చాలి. రిటైరైన మనిషి తన సొంత డబ్బుతో నాలుగు షేర్లు అటూ ఇటూ మార్చుకున్నా ఈ టెన్షన్ తప్పడం లేదు. వీటికి కూడా ఒక స్పష్టమైన హద్దు పెట్టమని సీబీడీటీని కోరుతున్నాను.

ఇక బ్రోకర్లు. ఎఫ్ అండ్ ఓలో పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోయారన్న హెచ్చరికని లాగిన్ అయినప్పుడు చూపించాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023లోనే వాళ్లని ఆదేశించింది. ఆ హెచ్చరిక కిందే "పన్ను చట్టం ప్రకారం ఇది వ్యాపారం, నష్టం వచ్చినా ఐటీఆర్-3 వేయాలి" అన్న ముక్క తెలుగులో పెట్టించమని అడుగుతున్నాను.

- ఒక ట్యాక్స్ కన్సల్టెంట్, గుంటూరు