ఒక్క జబ్బుకి మూడు పేర్లా?

సంపాదకుల వారికి,

మా నాన్నకి కిడ్నీ జబ్బు. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం, కాబట్టి ఇందులో వింతేమీ లేదు. మొన్న ఆయన ఫైల్ సర్దుతుంటే ఒక చీటీలో ‘సీకేడీ’ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు), ఇంకోదాంట్లో ‘క్రియాటినిన్ ఎక్కువ’ (కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థం రక్తంలో పెరగడం), మూడోదాంట్లో ‘కిడ్నీ వీక్’ అని ఉంది. మనిషి ఒక్కడే. కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు రోగులు!

ఉద్దానంలో సర్వేలకి కొదవ లేదు. కానీ ఎవరికి వారే యమునా తీరే. మా ఇంటికి వచ్చిన ఒక బృందం తాగునీటిని ‘బోరు’ అని రాసుకుంది, తర్వాత వచ్చినవాళ్లు ‘భూగర్భ జలం’ అన్నారు. మేం తాగేది నూతి నీళ్లు. ఈ లెక్కలన్నీ కలిపి చూసేదెలా?

ఈ తలనొప్పి పరిశోధకులకి పాతదే. పండ్ల ఈగ, ఎలుక, ఈస్ట్ మీద పనిచేసేవాళ్లు 1998లో ఒక్కటై, జన్యువుల పనిని ఒకే మాటల్లో చెప్పేందుకు ‘జీన్ ఆంటాలజీ’ మొదలుపెట్టారు. ఆంటాలజీ అంటే నిఘంటువు లాంటిదే, కాకపోతే ఏది దేని కిందికి వస్తుందో కూడా చెబుతుంది. తర్వాత వచ్చిన ‘ఓబీఓ ఫౌండ్రీ’ అనే పరిశోధకుల బృందం ఇలాంటివన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా చూస్తోంది: ప్రతి పదానికి నిర్వచనం, మారని గుర్తింపు సంఖ్య, అందరూ వాడుకునే వీలు.

ఉద్దానం లెక్కలన్నీ ఇలా ఒకే మాటల్లో ఉండేలా చూసే బాధ్యత పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం తీసుకోవాలి. దయచేసి ఇంకో కొత్త జాబితా మాత్రం వద్దు, గొడవ రెట్టింపవుతుంది. ఉన్న ఆంటాలజీలనే వాడి, మన నుయ్యి, జీడితోట పని వంటివి ఆశా కార్యకర్తలని అడిగి చేర్చండి.

ఒక పాఠకుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా