పఠన బృందం వార్షిక నివేదిక: కబాలా, పది సెఫిరోత్‌లు

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నట్టే ఈ ఏడాది యూదుల మార్మిక సంప్రదాయమైన కబాలాను, అందులోనూ పది సెఫిరోత్‌లను, అంటే అనంతమైన దైవం వెల్లడయ్యే పది శక్తులను, చదివాం. హాజరు ఎండాకాలంలో పలచబడి, దసరా తర్వాత పుంజుకుంది. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

మొదట్లో పేర్లు నోరు తిరగడానికే టైమంతా సరిపోయింది. పైన కెతెర్ (కిరీటం), హొఖ్మా (జ్ఞానం), బీనా (అవగాహన). కింద హెసెద్ (దయ), గెవురా (కట్టడి), ఈ రెంటినీ కలుపుతూ తిఫెరెత్ (సౌందర్యం). వాటి కింద నెత్సహ్ (విజయం), హోద్ (వైభవం), యెసోద్ (పునాది). అట్టడుగున మల్ఖుత్ (రాజ్యం). వీటన్నిటి వెనకా ఏ పేరుకూ అందని అనంతం, ఎయిన్ సోఫ్. పది అనగానే చాలామందికి దశావతారాలు గుర్తొచ్చాయి. కానీ ఆ పోలిక ఎంతో దూరం నడవలేదు. అవతారాలది ఒకదాని తర్వాత ఒకటిగా సాగే కథ. సెఫిరోత్‌లు ఎప్పుడూ పదీ కలిసే పనిచేస్తాయి.

'పదే, తొమ్మిది కాదు; పదే, పదకొండు కాదు' అని పాత గ్రంథం సెఫెర్ యెత్సిరా తేల్చి చెబుతుంది. అక్కడ అవి దాదాపు అంకెలే. దైవం లోపలి శక్తులుగా అవి కనబడేది 12వ శతాబ్దం చివర దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో వెలుగులోకి వచ్చిన బాహిర్ అనే గ్రంథంలో, మరో వందేళ్లకు స్పెయిన్‌లోని కస్తీల్‌లో బయటికొచ్చిన జోహర్ అనే గ్రంథంలో.

మరి దేవుడు పది ముక్కలయ్యాడా? ఏడాదంతా ఎక్కువ వాదన దీని మీదే. 13వ శతాబ్దపు కబాలిస్టు అబులాఫియాయే, క్రైస్తవులు దేవుడిలో ముగ్గురంటే, సెఫిరోత్‌లను నమ్మే ఈ కబాలిస్టులు పదిమంది అంటున్నారని దెప్పిపొడిచాడు. గలిలయలోని సఫేద్ పట్టణంలో 1548లో 'పర్దేస్ రిమోనిమ్' అనే గ్రంథం పూర్తిచేసిన కబాలిస్టు మోషే కోర్దోవెరో ఇచ్చిన జవాబు నాకు నచ్చింది: నీళ్లకు రంగు లేదు, రంగు పాత్రల్లో పోస్తే ఆ రంగే కనిపిస్తుంది; దైవం ఆ నీళ్లలాంటిది, సెఫిరోత్‌లు ఆ పాత్రల్లాంటివి. ఓ సభ్యురాలు బల్ల మీద ఎర్ర, ఆకుపచ్చ గాజు గ్లాసులు పెట్టి ఒకే జగ్గులోంచి నీళ్లు పోశారు. 'బాగుంది, మరి గ్లాసులు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?' అని వెనక నుంచి ఒకాయన. అవీ దైవం నుంచే వెలువడ్డాయంటాడు కోర్దోవెరో. 1570లో సఫేద్‌కు వచ్చి 1572లోనే కన్నుమూసిన మరో కబాలిస్టు ఇస్సాక్ లూరియా అయితే, వెలుగును మోయలేక ఆ పాత్రలు పగిలిపోయాయన్నాడు. లూరియాను మాత్రం హడావుడిగా ముగించాం.

అందరికీ బాగా ఎక్కింది ఓమెర్ లెక్క. యూదుల పండగ పస్కా రెండో రోజు నుంచి 49 రోజులు లెక్కపెడుతూ, కింది ఏడు సెఫిరోత్‌లను ఒకదాంట్లో ఒకటిగా తలుచుకుంటారు. మొదటి రోజు హెసెద్‌లో హెసెద్. రెండో రోజు హెసెద్‌లో గెవురా, అంటే దయలో కట్టడి. అడిగినవాళ్లందరికీ చేబదులు ఇచ్చి ఇరుక్కున్న అనుభవాలతో ఆ పూట చర్చ రాత్రి దాకా సాగింది.

వచ్చే ఏడాది లూరియాను తీరిగ్గా చదవాలని ప్రతిపాదన వచ్చింది. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. తీసుకెళ్లిన జోహర్ అనువాద సంపుటాలు ఇంకా కొన్ని వెనక్కి రాలేదు. ఆ రోజుకైనా తెచ్చివ్వగలరు.

– కార్యదర్శి