తెలుగు సంఘం వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, వేసవి తెలుగు బడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వంటలు చేసిన అక్కలకు, కుర్చీలు మోసిన తమ్ముళ్లకు, స్పాన్సర్లకు కృతజ్ఞతలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది మన బొమ్మల ప్రదర్శన. మనం ఉంటున్న ఈ లండన్ హ్యామర్‌స్మిత్‌లోనే ఆంగ్ల రచయిత, కళాకారుడు విలియం మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ అనే అచ్చుశాల పెట్టారు. 1896లో అక్కడ అచ్చయిన, పద్నాలుగో శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ రచనల సంపుటంలోని బొమ్మలను పెద్దవి చేయించి హాలంతా పెట్టాం. బావి పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డ చాసర్, తోటలో ఆయన కథానాయిక ఎమిలీ, కవచాలు తొడిగిన వీరులు: మధ్యయుగపు రాజసం అంతా నలుపు తెలుపుల్లోనే. చాసర్ మోటు సరసపు కథలూ రాశారు, కానీ చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ వాటి జోలికి పోలేదు. ఆయన మనసంతా రాణివాసాల మీద, శూరుల మీద.

మొత్తం 87 బొమ్మలు. బర్న్-జోన్స్ గీసినవి పెన్సిల్ చిత్రాలు. వాటి మెత్తటి నీడలను రాబర్ట్ కాటర్‌సన్-స్మిత్ సిరా గీతల్లోకి మార్చితే, విలియం హార్కోర్ట్ హూపర్ చెక్కదిమ్మెల మీద చెక్కారు. మానును అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కడం వల్ల సన్నటి గీత కూడా చెదరదు. కాగితం మీద తెల్లగా ఉండాల్సిన చోటల్లా తవ్వి తీసెయ్యాలి. దిమ్మె ఎత్తు, అచ్చక్షరాల ఎత్తు ఒకటే కాబట్టి బొమ్మా పద్యమూ కలిసే అచ్చు పడతాయి. ఇంత చేసిన హూపర్ పేరు ఎంతమందికి తెలుసు? మన ప్రదర్శనలో ప్రతి బొమ్మ కిందా ఆయన పేరు రాయించాం. పిల్లలు లినోలియం ముక్కల మీద హంసలు, గుర్రాలు చెక్కి, సిరా పూసి, అచ్చు వేసుకుని ఇళ్లకు పట్టుకెళ్లారు. బొమ్మలకు తెలుగులో వివరాలు రాసిన మన బడి టీచర్లకు సంఘం రుణపడి ఉంది.

ఇక బాధ కూడా చెప్పాలి. పేరిచ్చిన వాలంటీర్లలో సగం మంది ప్రదర్శన రోజు ఉదయం రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఫ్రేములన్నీ నలుగురైదుగురే తగిలించారు. ఆఖరి నిమిషం దాకా ఒకటే టెన్షన్. హాలు డిపాజిట్ కోసం ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా హాలు ఆఫీసు నుంచి జవాబు లేదు.

లెక్కలు ఆడిటరు చూశారు, పత్రం జతచేశాం. ప్రదర్శన ఖర్చు విరాళాలతోనే గడిచింది.

బర్న్-జోన్స్ అసలు పెన్సిల్ చిత్రాలు కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్నాయి. వచ్చే ఏడాది వాటిని చూపించమని మ్యూజియం వాళ్లను అడగాలని కమిటీ నిర్ణయించింది. వచ్చేవాళ్లు ఈ సమావేశంలోనే పేరివ్వండి. ఇచ్చినవాళ్లు తప్పకుండా రండి.

ఇట్లు,
కార్యదర్శి